నిమిషానికి 60 చుట్లు: ఇంట్లో చేసిన ఆవిరి ఇంజన్ల ప్రాజెక్టు డైరీ

ఈసారి ప్రదర్శనలో బల్ల మీద నాలుగు వస్తువులు పెట్టాలని నిర్ణయించాను. ఊగే సిలిండర్ ఇంజన్ ఒకటి, నిలువు స్లైడ్ వాల్వ్ (ఆవిరి దారుల మీద జారుతూ వాటిని తెరిచి మూసే భాగం) ఇంజన్ ఒకటి, ఆ రెంటికీ ఆవిరి ఇచ్చే రాగి బాయిలర్, వచ్చినవాళ్లు తమ చేత్తో తిప్పి చూడ్డానికి సగానికి కోసిన ఇంజన్ ఒకటి. మొదటిది ఇదివరకే సగం అయింది. మిగతావన్నీ ప్రస్తుతానికి కడ్డీలుగా, రేకులుగా, గొట్టం ముక్కలుగా షెడ్డులో ఉన్నాయి.

లక్ష్యం ఒక్కటే పెట్టుకున్నాను. స్లైడ్ వాల్వ్ ఇంజన్ సొంత ఆవిరి మీద, చేత్తో తోయకుండా, నిమిషానికి 60 చుట్లు ఆగకుండా తిరగాలి. వేగంగా తిప్పడం తేలిక. గాలి గట్టిగా ఊదితే లీకులున్న ఇంజన్ కూడా గిర్రున తిరుగుతుంది. చూసేవాళ్లకి మాత్రం ఒక మెరుపు, ఒక చప్పుడు తప్ప ఏమీ అర్థం కాదు. సెకనుకి ఒక చుట్టు చొప్పున తిరిగితే అన్నీ కంటికి ఆనతాయి: పిస్టన్ రాడ్ పైకి రావడం, అది పై చివరికి చేరకముందే వాల్వ్ తన దారిలో సగం దాటేయడం, క్రాంక్ (పిస్టన్ కదలికని చుట్టుగా మార్చే వంకర చెయ్యి) ఆ చివర దాటేటప్పుడు ఫ్లైవీల్ అనే బరువైన చక్రం పట్టుకు లాగడం. ఆవిరి ఇంజన్ గురించి అరగంట మాటల్లో చెప్పినా ఎక్కని సంగతి ఆ ఒక్క చుట్టులో ఎక్కుతుంది.

ఊగే సిలిండర్

దీన్ని చాలామంది బొమ్మ ఇంజన్ అని తీసిపారేస్తారు. నేను ఒప్పుకోను. 1858లో నీళ్లలోకి దిగిన గ్రేట్ ఈస్టర్న్ ఓడ తెడ్డు చక్రాలను తిప్పినవి ఊగే సిలిండర్లే. నాలుగు సిలిండర్లు, ఒక్కోటి 74 అంగుళాల వ్యాసం, 14 అడుగుల స్ట్రోక్ (పిస్టన్ ఒక చివర నుంచి ఇంకో చివరకి వెళ్లే దూరం). అదే పద్ధతిలో నేను చేస్తున్నది 12 మి.మీ. బోర్ (సిలిండర్ లోపలి వ్యాసం), 20 మి.మీ. స్ట్రోక్.

ఇందులో వాల్వ్ అంటూ వేరే భాగం ఉండదు. సిలిండరే ఒక ఇరుసు మీద అటూ ఇటూ ఊగుతూ, తన రంధ్రాన్ని ఒకసారి ఆవిరి వచ్చే రంధ్రానికి, ఇంకోసారి ఆవిరి బయటికి పోయే రంధ్రానికి ఎదురుగా తెస్తుంది. కాబట్టి మొత్తం ఇంజన్ భవిష్యత్తు ఆ మూడు రంధ్రాల కొలతల్లో ఉంది. డ్రిల్ పట్టుకునే ముందు కాగితం మీద లెక్క తేల్చుకోవాల్సిందే.

నా లెక్క ఇది. క్రాంక్ వ్యాసార్ధం 10 మి.మీ. సిలిండర్ ఇరుసు నుంచి క్రాంక్ షాఫ్ట్ మధ్యకి 45 మి.మీ. పదిని నలభై అయిదుతో భాగిస్తే 0.222, అంటే సిలిండర్ ఒక్కో పక్కకి దాదాపు 12.8 డిగ్రీలు ఊగుతుంది. ఇరుసుకి 18 మి.మీ. దూరంలో సిలిండర్ రంధ్రం పెట్టాను కనుక అది ఒక్కో పక్కకి 4 మి.మీ. జరుగుతుంది. నిలబడి ఉండే పలకలో రెండు రంధ్రాలూ మధ్య గీతకి అటు 4, ఇటు 4 మి.మీ. దగ్గర రావాలి. ఇక వాటి వ్యాసం 4 మి.మీ. కన్నా తక్కువ ఉండాలి, లేకపోతే క్రాంక్ చివరల్లో ఉన్నప్పుడు ఆవిరి నేరుగా బయటికి దారి చూసుకుంటుంది. 3.5 మి.మీ. డ్రిల్ వేశాను. రంధ్రానికీ రంధ్రానికీ మధ్య అర మి.మీ. మూత మిగిలింది.

రెండు ముఖాలు ఒకదానిమీద ఒకటి జారే చోట సిలిండర్ ముఖానికి ఇరుసు చుట్టూ పల్చగా ఒక గుంట తీశాను. అంచులు మాత్రమే తగిలితే ముఖం ఊగకుండా కూర్చుంటుంది. అద్దం పలక మీద సన్నటి ఎమరీ కాగితం పరిచి, నూనె చుక్క వేసి, ఎనిమిది అంకె ఆకారంలో రుద్దుతూ పోయాను. ముఖమంతా ఒకే మాదిరి బూడిద రంగుకి వచ్చేదాకా ఆపకూడదు. ఎక్కడైనా ఒక మెరిసే మచ్చ మిగిలితే అక్కడ పల్లం ఉన్నట్టు.

వెనకాల స్ప్రింగ్ బిగువు చేత్తోనే పట్టుకోవాలి. వదులైతే ఆవిరి సిలిండర్‌ని ముఖం నుంచి ఎత్తేసి బుస్సుమంటుంది. బిగువైతే ఇంజన్ బరువుగా తిరుగుతుంది. ఈ స్ప్రింగ్ వల్ల ఒక మేలుంది. సిలిండర్‌లో నీళ్లు చిక్కుకున్నా ముఖం కాస్త లేచి వాటిని వదిలేస్తుంది, ఏదీ విరగదు. ఆవిరి గొట్టాన్నీ బయటికి పోయే గొట్టాన్నీ తారుమారు చేస్తే ఇంజన్ వెనక్కి తిరుగుతుంది. ప్రదర్శనలో దీన్ని చూపించడానికి ఒక చిన్న కాక్ (తిప్పే కుళాయి) చేసి పెట్టాను.

స్లైడ్ వాల్వ్ ఇంజన్

బోర్ 20, స్ట్రోక్ 20, రెండు వైపులా ఆవిరి తీసుకునే రకం. సిలిండర్ పోత ఇనుము. బోరింగ్ టూల్‌తో 19.8 దాకా తెచ్చి, చివరికి రీమర్ (రంధ్రాన్ని కచ్చితమైన కొలతకి తెచ్చే పనిముట్టు) దింపి, ఆపైన సన్నటి పేస్టుతో రుద్ది నునుపు చేశాను. పిస్టన్‌ని సిలిండర్‌లో వేసి పైనుంచి వేలితో మూస్తే అది దిగకుండా నిలబడాలి, వేలు తీస్తే మెల్లగా జారాలి. నూనె లేకుండా ఈ పరీక్ష నెగ్గింది. పిస్టన్ రాడ్‌కి స్టెయిన్‌లెస్ ఉక్కే వాడాను. మామూలు ఉక్కు అయితే ఆవిరి మీద నడిపిన మర్నాటికే తుప్పు చారలు పడతాయి, ఆ చారలు గ్లాండ్‌లో (రాడ్ బయటికి వచ్చే చోట ఆవిరి కారకుండా ఆపే భాగం) ప్యాకింగ్‌ని తినేస్తాయి.

వాల్వ్ దగ్గర ఎక్కువసేపు కూర్చున్నాను. ఆవిరి పోర్టు (ఆవిరి సిలిండర్‌లోకి వెళ్లే రంధ్రం) వెడల్పు 2 మి.మీ., ల్యాప్ (వాల్వ్ మధ్యలో ఉన్నప్పుడు పోర్టు అంచు దాటి కప్పే మేర) 0.5 మి.మీ. రెండూ కలిపితే ఎక్సెంట్రిక్ (షాఫ్ట్ మీద మధ్య తప్పించి బిగించి, వాల్వ్‌ని ఆడించే చక్రం) జరుగు 2.5, వాల్వ్ మొత్తం ప్రయాణం 5 మి.మీ. ఎక్సెంట్రిక్ క్రాంక్‌కన్నా 90 డిగ్రీలు ముందుండాలని అందరూ చెబుతారు. ల్యాప్ ఉన్నప్పుడు ఇంకొంచెం ముందుండాలి. నా కొలతలకి ఆ ఎక్కువ 11.5 డిగ్రీలు. ఇలా పెడితే పిస్టన్ తన దారిలో 96 శాతం వెళ్లేదాకా ఆవిరి లోపలికి వస్తూనే ఉంటుంది. పెద్ద ఇంజన్‌లో ఇది దుబారా. అక్కడ ఆవిరిని ముందే ఆపేసి, దాని వ్యాకోచంతో మిగతా పని చేయించుకుంటారు. నాకు మాత్రం చుట్టు పొడవునా సమంగా తోపుడు కావాలి, లేకపోతే నెమ్మదిగా తిరిగేటప్పుడు కుదుపొస్తుంది. ఆవిరి పొదుపుని వదులుకుని నిదానాన్ని తీసుకున్నాను.

వాల్వ్‌ని స్పిండిల్‌కి (దాన్ని ఆడించే కడ్డీ) గట్టిగా బిగించలేదు. వెనక గాడిలో నట్టు వదులుగా కూర్చుంటుంది. వాల్వ్‌ని ముఖానికి అదిమిపెట్టే పని ఆవిరి చూసుకుంటుంది. 12 మి.మీ. పొడవు, 14 మి.మీ. వెడల్పున్న వాల్వ్ వీపు మీద 2 బార్ (ఒక బార్ దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి అంత) ఒత్తిడి అంటే మూడు కిలోలకు పైగా బరువు పెట్టినట్టు. పోర్టుల్లో ఉండే ఒత్తిడి అందులో కొంత తగ్గిస్తుందనుకోండి. అయినా ఆ బరువుతో రోజంతా జారే ముఖాలు కాబట్టి సిలిండర్ ముఖం పోత ఇనుము, వాల్వ్ కంచు. ఒకే లోహం మీద అదే లోహం జారితే పట్టేసే ప్రమాదం ఎక్కువ.

ఫ్లైవీల్ 75 మి.మీ. పోత ఇనుము. దీని గురించి ఒక మాట రాసిపెట్టుకోవాలి. ఫ్లైవీల్‌లో దాగే శక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. 600 చుట్ల నుంచి 60కి దిగితే అందులో మిగిలేది నూరో వంతు. వేగంగా తిరిగే ఇంజన్‌లో బిర్రు బేరింగులూ, వంకర గ్లాండ్లూ అన్నీ ఫ్లైవీల్ కింద దాక్కుంటాయి. నెమ్మదిగా తిరిగే ఇంజన్‌లో దాచడానికి ఏమీ ఉండదు.

గాలి మీద

బిగించాక మొదట లేత్ చక్‌తో క్రాంక్ షాఫ్ట్‌ని తిప్పి, నూనె పోస్తూ చాలాసేపు అలవాటు పడనిచ్చాను. ఆ తర్వాతే కంప్రెసర్. 0.2 బార్ దగ్గర వేలితో కదపకుండానే లేచింది. గాలి వచ్చే వాల్వ్‌ని సన్నగా తిప్పుతూ తిప్పుతూ వస్తే 60 చుట్ల దగ్గర నిలబడింది. గ్లాండ్ నట్టుని స్పానర్‌తో కాకుండా వేళ్లతో మాత్రమే బిగించడంలో చాలా ఉంది. పావు చుట్టు బిగిస్తే ఆగిపోతోంది, పావు చుట్టు వదిలితే తిరుగుతోంది.

గాలి మీద 60 వచ్చిందంటే సగం దారి వచ్చినట్టు. గాలి చల్లటి గోడకి తగిలినా గాలిగానే ఉంటుంది. ఆవిరి నీరైపోతుంది.

బాయిలర్

ముందు ఎంత ఆవిరి కావాలో. 20 మి.మీ. బోర్, 20 మి.మీ. స్ట్రోక్ అంటే ఒక స్ట్రోక్‌కి 6.3 ఘనపు సెం.మీ., రెండు వైపులా కలిపి చుట్టుకి 12.6. నిమిషానికి 300 చుట్లు తిరిగితే 3.8 లీటర్ల ఆవిరి. 2 బార్ గేజ్ ఒత్తిడిలో (బయటి గాలి ఒత్తిడి మీద అదనంగా ఉండేది) లీటరు ఆవిరి బరువు దాదాపు 1.65 గ్రాములు, అంటే నిమిషానికి 6 గ్రాముల పైచిలుకు నీళ్లు. చిన్న ఇంజన్‌లో గోడలకి తగిలి నీరయ్యేది కూడా దాదాపు అంతే ఉంటుందని వేసుకుని 12 గ్రాములకి తయారు కావాలి. చన్నీళ్ల నుంచి ఆ ఆవిరి చేయడానికి నీటిలోకి 500 వాట్లకు పైగా వేడి వెళ్లాలి. మంటలో సగం వృథా అవుతుంది కాబట్టి బర్నర్ కిలోవాట్ ఇవ్వాలి. స్పిరిట్ దీపంతో అయ్యే పని కాదు, గ్యాస్ బర్నరే.

రాగి గొట్టం వ్యాసం 75 మి.మీ., మందం 1.6, పొడవు 160. 3 బార్ దగ్గర గొట్టం గోడలో ఒత్తిడి చదరపు మి.మీ.కి 7 న్యూటన్లు. కాల్చి మెత్తబడ్డ రాగి కూడా దీన్ని చాలా తేలిగ్గా మోస్తుంది. ఆందోళన పెట్టేవి చివరి పలకలు. గుండ్రటి గోడ తన ఆకారంతోనే బలం తెచ్చుకుంటుంది, చదునైన పలక ఉబ్బాలని చూస్తుంది. 3 బార్ ఒత్తిడి ఒక్కో పలకని 135 కిలోల బరువుతో బయటికి తోస్తుంది. అందుకే ఈ చివర నుంచి ఆ చివరకి రెండు కంచు కడ్డీలు పలకల్ని పట్టి ఉంచే స్టేలుగా వేశాను. అడుగున నాలుగు సన్నటి రాగి గొట్టాలు వంచి మంటలోకి వేలాడదీశాను, వాటివల్ల ఆవిరి త్వరగా లేస్తుంది.

పలకల అంచులు వంచడం నాకు ఈ ప్రాజెక్టు మొత్తంలో బాగా నచ్చిన పని. రాగి రేకుని మసక ఎరుపు దాకా కాల్చి నీళ్లలో ముంచితే మెత్తబడుతుంది. ఉక్కు అచ్చు మీద పెట్టి చుట్టూ సుత్తితో కొడుతూ వస్తే అంచు కొద్దికొద్దిగా ఒరుగుతుంది. మొదట దెబ్బ మొద్దుగా పడుతుంది, చప్పుడు అక్కడే ఆగిపోతుంది. కాసేపటికి చప్పుడు ఖంగుమని మోగడం మొదలవుతుంది. రాగి గట్టిపడిందని, ఇంకో దెబ్బ వేస్తే పగులుతుందని అర్థం. మళ్లీ కాల్చాలి. చెవి చెప్పినట్టు వింటే అంచు ఒక్క ముడత లేకుండా వస్తుంది.

అతుకులన్నీ వెండి టంకమే. సీసం, తగరం కలిసిన మామూలు టంకం 183 డిగ్రీలకే కరగడం మొదలుపెడుతుంది. 3 బార్ దగ్గర బాయిలర్ నీళ్లే 144 డిగ్రీలు ఉంటాయి. నీళ్లు అయిపోయి మంట మిగిలితే చెప్పక్కర్లేదు. నేను వాడింది 55 శాతం వెండి ఉన్నది, 630 నుంచి 660 డిగ్రీల మధ్య కరుగుతుంది. టంకం అంటుకునేలా లోహాన్ని శుభ్రంగా ఉంచే ఫ్లక్స్‌గా దీనికి వెలిగారం పనికిరాదు. వెలిగారం 740 డిగ్రీలు దాటాక గాని కరగదు, అంతలోపే టంకం వచ్చి ఉండలు కట్టి కూర్చుంటుంది. తక్కువ వేడికి పనిచేసే ఫ్లక్స్ పూసుకోవాలి. ఆ ఫ్లక్స్ పొగ మంచిది కాదు, తలుపులు తెరిచి, మాస్కు పెట్టుకుని చేయాలి.

చుట్టూ మంట ఇటుకలు పేర్చి, పెద్ద టార్చితో బాయిలర్ మొత్తాన్ని వేడెక్కించాను. రాగి ఒకచోట ఇచ్చిన వేడిని క్షణంలో అటు చివరికి పంచేస్తుంది, అతుకు ఒక్కదాన్నే వేడి చేయడం కుదరదు. తెల్లటి ఫ్లక్స్ ముందు ఉబ్బుతుంది, తర్వాత అణుగుతుంది, ఆపైన నీళ్లలా తేటగా మారి రాగి మీద పరుచుకుంటుంది. అప్పుడు టంకం తీగని మంట తగలకుండా అతుకుకి తాకించాలి. వేడి సరిపోతే తీగ కొన మాయమై, అతుకు చుట్టూ ఒక తెల్లటి గీత పరుగెడుతుంది. ఆ గీత పూర్తిగా చుట్టి వచ్చి మొదలుపెట్టిన చోటే కలవాలి. చల్లారాక సిట్రిక్ యాసిడ్ నీళ్లలో నానబెట్టి, అతుకులన్నీ భూతద్దంతో చూశాను.

సేఫ్టీ వాల్వ్, గేజ్, ఆవిరి కాక్ బిగించే బుష్‌లు కంచువి. ఇత్తడి వాడలేదు. వేడి నీళ్లలో ఏళ్ల తరబడి ఉంటే ఇత్తడిలోని జింకు కరిగిపోయి, పైకి బాగానే కనిపిస్తూ లోపల గుల్లబారుతుంది.

చన్నీళ్ల పరీక్ష

పని ఒత్తిడి 3 బార్, పరీక్ష 6 బార్. బాయిలర్‌లో గాలి బుడగ లేకుండా అంచుదాకా చన్నీళ్లు నింపి, చేతి పంపుతో ఒత్తిడి పెంచాను. నీళ్లు దాదాపుగా నొక్కుకోవు కాబట్టి ఎక్కడైనా అతుకు వదిలినా ఒక చుక్క కారి ముల్లు దిగిపోతుంది, అంతే. గాలితో మాత్రం ఎవరూ ఈ పరీక్ష చేయకూడదు. నొక్కిన గాలి ఉండగా అతుకు తెగితే ముక్కలు ఎగురుతాయి.

ఇంత జాగ్రత్త ఎందుకో లెక్కే చెబుతుంది. నా బాయిలర్‌లో 400 మిల్లీలీటర్ల నీళ్లు 3 బార్ దగ్గర ఉండగా గొట్టం చీలితే, ఆ నీళ్లలో దాదాపు 8 శాతం ఒక్కసారిగా ఆవిరవుతుంది. అంటే అరచేతిలో పట్టే నీళ్ల నుంచి 50 లీటర్లకు పైగా ఆవిరి. ఇంట్లో బాయిలర్ చేయాలనుకునే ప్రతివాళ్లూ ఈ లెక్క ఒకసారి సొంతంగా వేసుకోవాలని నా కోరిక.

ముల్లు 6 దగ్గర పావుగంట కదలకుండా నిలబడింది. పలకలు ఉబ్బలేదు, డయల్ గేజ్ పెట్టి చూశాను. ఆ తర్వాత ఆవిరి పరీక్ష చేసి, మంట పూర్తిగా ఉన్నా సేఫ్టీ వాల్వ్ ఒత్తిడిని 3 మీద పెరగనివ్వడం లేదని చూసుకున్నాక టెన్షన్ తగ్గింది.

మొదటి ఆవిరి

2 బార్ ఆవిరితో కాక్ తెరిస్తే సిలిండర్ నుంచి ముందు నీళ్లు చిమ్మాయి. డ్రెయిన్ కాక్‌లు తెరిచి ఉంచి, ఫ్లైవీల్‌ని చేత్తో అటూ ఇటూ ఆడిస్తూ వేడెక్కనిచ్చాను. కాసేపటికి అందుకుంది. 300 చుట్ల దగ్గర బ్రహ్మాండంగా తిరిగింది. 150కి దించేసరికి కుదుపులు. ఇంకా తగ్గిస్తే పై చివర దగ్గర ఆగిపోయి, గ్లాండ్ నుంచి నీళ్లు కారుస్తూ నిలబడింది. గాలి మీద 60 తిరిగిన ఇంజనే ఇది.

కారణం సిలిండర్ గోడ. వేడి గిన్నె మీద చల్లటి మూత పెడితే మూత లోపల చెమ్మ పట్టినట్టే, ప్రతి స్ట్రోక్‌లోనూ ఆవిరి గోడకి తగిలి నీరవుతుంది. నా సిలిండర్‌లో ఒక ఘనపు సెం.మీ. ఆవిరికి 3 చదరపు సెం.మీ. గోడ తగులుతుంది. పది రెట్లు పెద్ద సిలిండర్ అయితే అదే ఆవిరికి 0.3 మాత్రమే. ఇంజన్ చిన్నదయ్యేకొద్దీ ఆవిరి తగ్గినంతగా గోడ తగ్గదు. పైగా నెమ్మదిగా తిప్పితే ప్రతి స్ట్రోక్‌కీ గోడకి ఇంకా ఎక్కువ సమయం దొరుకుతుంది.

1763-64లో జేమ్స్ వాట్ ఎదురుపడ్డది కూడా ఒక మోడల్‌కే. గ్లాస్గో విశ్వవిద్యాలయం వాళ్లు తమ న్యూకమెన్ ఇంజన్ (వాట్‌కి ముందరి రకం ఆవిరి ఇంజన్) నమూనాని బాగుచేయమని ఆయనకి ఇచ్చారు. సిలిండర్ 2 అంగుళాలు, స్ట్రోక్ 6 అంగుళాలు. బాగుచేశాక కూడా కొన్ని స్ట్రోక్‌లు ఆడి ఆగిపోయేది, బాయిలర్ ఆవిరి అందించలేకపోయేది. పెద్ద ఇంజన్ ఆడుతుండగా దాని నమూనా ఎందుకు ఆడదన్న ప్రశ్న ఆయన్ని వదల్లేదు. ప్రతి స్ట్రోక్‌కీ లోపల చన్నీళ్లు చల్లి సిలిండర్‌ని చల్లబరిచి మళ్లీ వేడెక్కించడంలోనే ఆవిరి అంతా పోతోందని తేల్చాడు. 1765లో కండెన్సర్‌ని (ఆవిరిని చల్లబరిచి నీరు చేసే చోటుని) సిలిండర్ నుంచి విడదీయాలన్న ఆలోచన వచ్చింది, 1769లో పేటెంట్ వచ్చింది. ఆ నమూనా ఇప్పటికీ గ్లాస్గోలోని హంటేరియన్ మ్యూజియంలో ఉంది. నా సిలిండర్‌లో ఎవరూ చన్నీళ్లు చల్లడం లేదు గాని, గోడ దోచుకునే తీరు అదే. చిన్న ఇంజన్లు చేసేవాళ్లు బల్ల దగ్గర కూర్చుని ఎదుర్కొనే ఇబ్బంది నుంచే ఆవిరి యుగపు అతిపెద్ద మెరుగుదల పుట్టిందని తలుచుకుంటే ఈ పని మీద నాకు గౌరవం పెరుగుతుంది.

ఆవిరిని పొడిగా ఉంచడం

సిలిండర్ చుట్టూ పల్చటి ఫెల్ట్, దాని మీద సన్నటి చెక్క బద్దలు, రెండు ఇత్తడి పట్టీలు. ఆవిరి గొట్టానికి నూలు దారం దగ్గరగా చుట్టాను. ఇవి కొంత పని చేశాయి.

అసలు మార్పు సూపర్‌హీటర్‌తో వచ్చింది. బాయిలర్ నుంచి వచ్చే ఆవిరిని స్టెయిన్‌లెస్ గొట్టంలో మంట మధ్య నుంచి రెండు చుట్లు తిప్పి అప్పుడు ఇంజన్‌కి పంపాను. నీళ్లకి దూరంగా మళ్లీ వేడెక్కిన ఆవిరికి గోడకి ఇవ్వడానికి కాస్త అదనపు వేడి ఉంటుంది. అది ఖర్చయ్యేదాకా నీరవదు. గ్లాండ్ నుంచి చినుకులు ఆగిపోయాయి. 100 చుట్లకి దిగింది.

మిగతాది నూనె. ఆవిరి మీద మామూలు మెషీన్ నూనె కడుక్కుపోతుంది, చిక్కటి స్టీమ్ ఆయిలే వాడాలి. దాన్ని లోపలికి పంపే లూబ్రికేటర్‌లో కదిలే భాగం ఒక్కటీ లేదు. ఆవిరి గొట్టం పక్కన ఒక చిన్న డబ్బా, మధ్యలో వెంట్రుకంత రంధ్రం. కొద్దిగా ఆవిరి డబ్బాలోకి వెళ్లి చల్లారి నీటి చుక్క అవుతుంది. నీరు నూనెకన్నా బరువు కాబట్టి అడుక్కి దిగుతుంది, దిగినంత మేర నూనె పైకి లేచి ఆ రంధ్రంలోంచి ఆవిరిలో కలుస్తుంది. ఇంజన్ నడుస్తున్నంతసేపూ ఇది తనంత తానే సాగుతుంది. రోజు చివర అడుగున ఉన్న ప్లగ్ విప్పితే తేరిన నీళ్లే వస్తాయి, ఎంత నూనె వెళ్లిందో వాటిని కొలిస్తే తెలుస్తుంది.

లూబ్రికేటర్ అందుకున్నాక గ్లాండ్ ప్యాకింగ్ మార్చి, గ్రాఫైట్ నూలు పెట్టాను. 1.2 బార్ దగ్గర, కాక్‌ని వెంట్రుకవాసి తెరిచి ఉంచితే, 60 చుట్లు. చేతి గడియారం పెట్టుకుని లెక్కపెట్టాను. బయటికి పోయే గొట్టం దగ్గర ఒక్కో ఊపిరీ విడివిడిగా వినిపించింది.

బల్ల సర్దడం

సగానికి కోసిన ఇంజన్‌ని రెట్టింపు సైజులో చేశాను. సిలిండర్, వాల్వ్ పెట్టె ఒక పక్క మిల్లింగ్‌లో తెరిచి, ఆవిరి వచ్చే దారులకి ఎరుపు, పోయే దారులకి నీలం రంగు వేశాను. పక్కన చేతి చక్రం. దీనికి ఆవిరి అక్కర్లేదు, గాలి అక్కర్లేదు. పిల్లలకి అందే ఎత్తులో, బల్ల అంచుకి దగ్గరగా పెట్టాను. నడిచే ఇంజన్ల ముందు పారదర్శకమైన పాలీకార్బొనేట్ పలక నిలబెట్టాను.

హాల్ లోపల మంట పెట్టకూడదన్నారు, అది సరైన నియమమే. లోపల కంప్రెసర్ గాలి, బయట ఆవరణలో నిర్ణీత వేళల్లో ఆవిరి అని అనుకున్నాం. బాయిలర్ పరీక్ష కాగితం ముందే అడిగారు, ఇచ్చాను. కంప్రెసర్‌ని గోడ అవతల పెట్టి పొడుగు గొట్టం లాక్కొచ్చాను, దాని మోతలో ఇంజన్ చప్పుడు మునిగిపోతే ఉపయోగం లేదు. బయటికి పోయే ఆవిరికి ఒక డబ్బా పెట్టాను, లోపల నూనె నీళ్లు ఆగిపోయి పైనుంచి ఆవిరి మాత్రమే పోతుంది. లేదంటే ముందు వరసలో ఉన్నవాళ్ల బట్టల మీద మరకలు పడతాయి.

ప్రదర్శన రోజు

మొదటి గంటలోనే తేలింది: జనం ఎక్కువసేపు నిలబడింది కోసిన ఇంజన్ దగ్గరే. ఒక పాప నడిచే ఇంజన్ చూసి, "అంకుల్, దీని మోటార్ ఎక్కడుంది?" అని అడిగింది. ఇటు రామ్మా అని చక్రం చేతికిచ్చాను. రెండు చుట్లు తిప్పి ఆగింది. వెనక్కి తిప్పింది. మళ్లీ ముందుకి తిప్పి, "ఇది పైకెళ్లేలోపే అది తలుపు తీసేస్తోంది" అంది. ఎక్సెంట్రిక్ ముందుండటం గురించి నేను రాసి తగిలించిన అట్ట కన్నా ఆ మాట బాగుంది. ఆ తర్వాత వచ్చినవాళ్లకి నేనూ అలాగే చెప్పాను.

మధ్యాహ్నం ఆవరణలో ఆవిరి లేపినప్పుడు ఒక పెద్దాయన వచ్చారు. బాయిలర్ల మీద ఉద్యోగం చేసి రిటైరయ్యానన్నారు. ఇంజన్ వైపు చూడకుండా నేరుగా నీటి గేజ్ గాజు గొట్టం వైపు వంగి, "బ్లో చేసి చూశారా?" అన్నారు. చేశానండీ అని, ఆయన ముందు ఇంకోసారి కింది కాక్ తెరిచి మూశాను. నీళ్లు ఒక్క ఉదుటున పోయి మళ్లీ పాత మట్టానికే వచ్చి నిలబడ్డాయి. ఆయన తల ఊపారు. సన్నటి గాజు గొట్టంలో నీళ్లు తలతన్యతతో పైన పట్టుకుని ఉండి తప్పుడు మట్టం చూపిస్తాయి, కాబట్టి ఎంత చిన్న బాయిలర్ అయినా గాజు గొట్టం లోపలి వ్యాసం మరీ తగ్గించకూడదు. ఆయనతో ఈ సంగతి మీద చాలాసేపు మాట్లాడాను. వెళ్లేముందు ఇంజన్‌ని ఇంకా నెమ్మది చేయమన్నారు. చేశాను. 60 దగ్గర నడుస్తుంటే చుట్టూ ఉన్నవాళ్లు గట్టిగా మాట్లాడటం మానేశారు, కొందరు చుట్లు లెక్కపెట్టారు.

నింపిన నీళ్లలో వాడుకోగలిగేది 250 మిల్లీలీటర్లు. 300 చుట్ల మీద నడిపితే ఇరవై నిమిషాల దగ్గరే మంట ఆపాల్సి వస్తోంది. చల్లారనిచ్చి, మళ్లీ నింపి, మళ్లీ ఒత్తిడి లేపడం. జనం గుమిగూడిన వేళకి ఇంజన్ ఆగి ఉండటం నాకు అస్సలు నచ్చలేదు.

విప్పి చూశాక

ఇంటికి తెచ్చిన రాత్రే వేడి గాలి ఊది, నూనె పోసి తిప్పి పెట్టాను. మర్నాడు వాల్వ్ పెట్టె విప్పాను. కంచు ముఖం మీద ప్రయాణం దిశలో సన్నటి గీతలున్నాయి, వేలిగోరుకి తగలడం లేదు. ఎడమ చివర గీతలు కాస్త చిక్కగా ఉన్నాయి. స్పిండిల్ ఆ వైపు వాల్వ్‌ని కొద్దిగా పక్కకి లాగుతోందన్నమాట. నట్టు గాడిని పదో వంతు మి.మీ. వెడల్పు చేస్తాను. పిస్టన్, బోర్ బాగున్నాయి. ఊగే సిలిండర్ ముఖం అద్దంలా తయారైంది, దాన్ని ముట్టుకోను.

ఇక నడుస్తుండగానే బాయిలర్‌కి నీళ్లు ఎక్కించే ఫీడ్ పంపు. ఇంజన్ షాఫ్ట్ మీదే ఇంకో ఎక్సెంట్రిక్ పెట్టి, 4 మి.మీ. ప్లంజర్ (పంపులో ఆడే కడ్డీ), 5 మి.మీ. స్ట్రోక్ వేస్తే చుట్టుకి 0.063 ఘనపు సెం.మీ. 300 చుట్లకి నిమిషానికి దాదాపు 19, నాకు కావాల్సింది 12. మిగిలింది బైపాస్ కాక్ గుండా తొట్టిలోకి తిరిగి వస్తుంది. 60 చుట్ల దగ్గర మాత్రం ఈ పంపు లోడు ఇంజన్‌ని ఆపేస్తుందేమోనని అనుమానం. అందుకని నెమ్మదిగా నడిపేటప్పుడు బైపాస్ పూర్తిగా తెరిచి, పక్కనే పెట్టే చేతి పంపుతో నీళ్లు ఎక్కిస్తాను. రెండు పంపులకీ వాల్వ్ బంతులు స్టెయిన్‌లెస్‌వి, 3 మి.మీ. వాటి సీటు రంధ్రాలు రీమ్ చేసి, బంతి పెట్టి ఒక్క దెబ్బ కొట్టి అంచు దిద్దాలి. పంపు బాడీ కోసం కంచు ముక్క కోసి నాలుగు దవడల చక్‌లో పెట్టాను. రేపు మధ్యకి తెచ్చి బోర్ మొదలుపెడతాను.